మూడో నెల నిండకముందు నడవొచ్చా? తొలినాళ్ల గర్భిణుల వ్యాయామంపై తరచుగా అడిగే ప్రశ్నలు

నడుము నొప్పి అని వస్తారు. పరీక్ష చేసి నాలుగు మాటలు మాట్లాడాక, తోడు వచ్చిన అత్తగారు బిల్లు కట్టడానికి బయటికి వెళ్లగానే, గొంతు తగ్గించి అసలు సంగతి అడుగుతారు: “ఇప్పుడు నాకు రెండో నెలండీ. పొద్దున్నే కాసేపు నడిస్తే ఏమైనా అవుతుందా?” ఫిజియోథెరపిస్టుగా నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. దాని వెనకే వచ్చే మిగతా ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ఇదంతా మొదటి మూడు నెలల గురించి. అంటే చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కేస్తే 13 వారాల 6 రోజుల వరకు. మీ స్కానింగ్ చూసిన డాక్టరు వేరే మాట చెప్పి ఉంటే ఆవిడ మాటే వినండి. మీ రిపోర్టు ఆవిడ చూశారు, నేను చూడలేదు.

నెల తప్పిందని మొన్ననే తెలిసింది. ఇప్పట్నుంచే నడవొచ్చా, మూడో నెల దాటేదాకా ఆగాలా?

ఆగక్కర్లేదు. మీకు నెల తప్పిందని తెలిసేసరికే నాలుగైదు వారాలు గడిచిపోయి ఉంటాయి. ఆ రోజుల్లో మీరు బస్సెక్కారు, మెట్లు దిగారు, పెళ్లికెళ్లి బంతిలో వడ్డించారు కూడా. అవేవీ బిడ్డకు తెలియనే తెలియవు. పన్నెండో వారం వరకు గర్భసంచి కటి ఎముకల మధ్య, లోపలికి ఉంటుంది. ఎనిమిదో వారంలో పిండం చిక్కుడు గింజంత. నడిస్తే ఊగి ఊడిపోయేంత పలచగా అతుక్కుని ఉండదు.

ఒక్క జాగ్రత్త. గర్భం గర్భసంచిలోనే నిలిచిందా, ట్యూబులో నిలిచిందా అన్నది మొదటి స్కానింగులో తేలుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఆ స్కానింగ్ చేస్తారు. అప్పటిదాకా కొత్తవేవీ మొదలుపెట్టకుండా, అలవాటున్న నడకే నడవండి. ఈలోపు పొత్తికడుపులో ఒక పక్కన పోటు, భుజం చివర నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి ఉంటే అది నడక సంగతి కాదు, వెంటనే ఆసుపత్రి సంగతి.

“కాలు కదిపితే గర్భం నిలవదు” అని మా అత్తయ్య గట్టిగా చెబుతున్నారు. నిజమేనా?

గుర్తించిన గర్భాల్లో దాదాపు పదింటిలో ఒకటి మొదటి మూడు నెలల్లోనే పోతుంది. వాటిలో సుమారు సగానికి కారణం పిండంలో క్రోమోజోముల లెక్క తప్పడం. అది అండం, వీర్యకణం కలిసే దశలోనే నిర్ణయమైపోతుంది. ఆ తర్వాత మీరు మంచం దిగినా దిగకపోయినా ఒకటే. ఆరోగ్యంగా ఉన్న గర్భిణి ఓ మోస్తరు వ్యాయామం చేస్తే గర్భస్రావం ముప్పు పెరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు.

కానీ గర్భం పోయిన ప్రతి ఇంట్లో ఒక కారణం వెతుకుతారు. “ఆ రోజు బకెట్ ఎత్తింది”, “దసరాకి ఇల్లంతా కడిగింది”. అలా వెతికిన కారణం ఆ అమ్మాయి మెడకే చుట్టుకుంటుంది, ఏళ్ల తరబడి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం అదే.

అత్తయ్యగారిని తప్పు పట్టాలని మాత్రం నాకు లేదు. వాళ్ల రోజుల్లో కోడలంటే బావి నుంచి నీళ్లు తోడాలి, రోట్లో రుబ్బాలి, పొయ్యి ఊదాలి. “అది ఒట్టి మనిషి కాదే” అన్న ఒక్క మాట అంటే బిందె మోసే పని తప్పేది. అంత పని చేసే మనిషికి ఆ నిషేధం వరమే. ఇప్పుడు వాషింగ్ మెషీన్, మిక్సీ, ఆఫీసులో కుర్చీ ఉన్న అమ్మాయికి అదే నిషేధం పెడితే ఆమె రోజంతా మంచానికీ సోఫాకీ మధ్యే ఉండిపోతుంది. మాట మారలేదు, జీవితం మారింది.

అయితే రోజుకు ఎంతసేపు?

వారానికి మొత్తం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం చెప్పేదీ అంతే. వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట అనుకోండి. అదీ ఒకేసారి చేయాలని లేదు, పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడిచినా లెక్కలోకి వస్తుంది.

ఇప్పటిదాకా వ్యాయామం అలవాటు లేనివాళ్లకు నేను చెప్పేది ఇలా ఉంటుంది. మొదటి వారం ఇంటి నుంచి వీధి చివరి పాలబూత్ దాకా వెళ్లి రండి, పది నిమిషాలు. వెళ్లేటప్పుడు నెమ్మదిగా, మధ్యలో కొంచెం చురుగ్గా, ఇల్లు దగ్గర పడుతుంటే మళ్లీ నెమ్మదిగా. ఒంటికి బాగుంటే రెండో వారం పదిహేను. ఒంట్లో బాగోని రోజు మానేయండి, మర్నాడు దానికి వడ్డీ కలిపి నడవొద్దు.

నా వాచీలో గుండె వేగం 140 దాటగానే టెన్షన్ వస్తోంది. అక్కడ ఆపేయాలా?

ఆ 140 లెక్క ఎక్కడిదో చెబుతాను. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 1985లో గర్భిణుల గుండె వేగం నిమిషానికి 140 దాటకూడదని పెట్టింది. తర్వాత ఆలోచించుకుని 1994లో తామే తీసేశారు. తీసేసి ముప్పై ఏళ్లయినా ఆ అంకె ఇంకా తిరుగుతూనే ఉంది.

గర్భం వచ్చిన కొన్ని వారాలకే ఊరికే కూర్చున్నా గుండె ముందుకన్నా వేగంగా కొట్టుకుంటుంది. ఒంట్లో రక్తం పరిమాణం పెరగడం మొదలవుతుంది, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ వల్ల ఊపిరి లోతుగా తీసుకుంటారు. అందుకే వాచీ కన్నా నోరు నమ్మకమైన కొలత. నడుస్తూ పక్కవాళ్లతో ఆగకుండా మాట్లాడగలుగుతున్నారా? సరిగ్గానే ఉంది. పాట పాడేంత తీరిగ్గా ఉందా? కొంచెం వేగం పెంచొచ్చు. రెండు మాటలకోసారి ఊపిరి అందక ఆగాల్సి వస్తోందా? తగ్గించండి.

వేవిళ్లతో తల ఎత్తలేకపోతున్నాను. వ్యాయామం మాట వింటేనే కోపం వస్తోంది.

రావాల్సిందే. వికారం సాధారణంగా తొమ్మిదో వారం దగ్గర బాగా ముదిరి, మూడో నెల చివరికి చాలామందిలో తగ్గుముఖం పడుతుంది. ఆ మధ్య రోజుల్లో వ్యాయామం చేయలేదని అపరాధభావం పెట్టుకోకండి. తిన్నది కడుపులో నిలవడమే పెద్ద పని.

అయినా ఒక చిన్న సంగతి. పోపు వాసన, అన్నం వార్చే వాసన పడనివాళ్లకు వంటింటి నుంచి దూరంగా, చల్లగాలిలో ఐదు నిమిషాలు అటూ ఇటూ తిరిగితే హాయిగా ఉంటుంది. దాన్ని వ్యాయామం అనుకోకండి, గాలి పీల్చుకోవడం అనుకోండి. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. రెండు పిడికిళ్ల మరమరాలో, ఒక రస్కో తిని కాసేపయ్యాక బయల్దేరండి. చాలామందికి పొద్దున కన్నా సాయంత్రం నాలుగైదు గంటలకు ఒళ్లు మాట వింటుంది. “పొద్దున్నే నడిస్తేనే ఫలితం” అన్నది ఎక్కడా లేదు.

నీళ్లు కూడా నిలవకుండా వాంతులవుతున్నా, మూత్రం ముదురు పసుపు రంగులో కొద్దికొద్దిగానే వస్తున్నా, బరువు తగ్గుతున్నా నడక పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. సెలైన్ పెట్టాల్సిన పరిస్థితి కావచ్చు.

ఇంటి పనంతా నేనే చేస్తాను. మళ్లీ వ్యాయామం ఎందుకు?

సగం నిజం. ఇల్లు ఊడ్చి, తుడిచి, బట్టలు ఆరేసే మనిషికి కదలిక లేదని ఎవరూ అనలేరు. కానీ ఇంటి పనిలో ఎక్కువ భాగం వంగడం, నిలబడటం. గుండెకూ ఊపిరికీ పని చెప్పే నిలకడైన నడక అందులో తక్కువ. పైగా పొయ్యి ముందు గంటసేపు కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలోకి దిగిపోయి కళ్లు తిరుగుతాయి. ఈ నెలల్లో బీపీ కాస్త తగ్గే ఉంటుంది కాబట్టి అది ఇంకా త్వరగా వస్తుంది. కూరగాయలు కూర్చుని తరగండి. నిలబడక తప్పనప్పుడు మడమలు ఎత్తుతూ దించుతూ ఉండండి.

“కూర్చుని ఇల్లు తుడిస్తే, వంగి ముగ్గేస్తే సుఖప్రసవం” అంటారు. గొంతుక్కూర్చునే అలవాటు తుంటి కీళ్లకూ తొడలకూ మంచిదే, అందులో తప్పులేదు. తడి గచ్చు మీద జారిపడటమే నా భయం. నేను చూసిన దెబ్బల్లో ఎక్కువ బాత్రూమ్ గుమ్మం దగ్గర తగిలినవే, పార్కులో కాదు. అక్కడ ఒక రబ్బరు మ్యాట్ వేయించండి.

నేను పొలం పనికి వెళ్తాను. నాకేం వ్యాయామం చెబుతారు?

మీకు చెప్పేది వ్యాయామం కాదమ్మా, విశ్రాంతి. నాట్లేసేటప్పుడు గంటల తరబడి నడుం వంచడం, మిరప తోటలో ఎండలో కోత, బస్తా ఎత్తడం... ఇవన్నీ శ్రమే గానీ మనం చెప్పుకునే వ్యాయామం కాదు. వ్యాయామం మనం ఆపాలనుకున్నప్పుడు ఆగుతుంది, కూలి పని ఆగదు. తేడా అంతా అక్కడే ఉంది. గంటకోసారి నడుం నిటారుగా చేసి నీడలో కూర్చోండి, మీ నీళ్ల సీసా మీ దగ్గరే ఉంచుకోండి. పురుగుమందు కొట్టే రోజు, కొట్టిన మర్నాడు ఆ చేలోకి అసలు దిగొద్దు. బరువులెత్తే పని ఇంకొకరికి ఇమ్మని మేస్త్రిని అడగడానికి మొహమాటపడొద్దు. ఆశా కార్యకర్తకో ఏఎన్ఎమ్‌కో మీ పేరు తొందరగా చెప్పి తల్లీబిడ్డల కార్డు రాయించుకోండి.

నేను ముందు నుంచీ జిమ్‌కు వెళ్తున్నాను, వారానికి మూడు రోజులు పరిగెత్తుతాను. మానేయాలా?

మానక్కర్లేదు. గర్భం సాఫీగా ఉంటే, అలవాటున్న పరుగును డాక్టరుకు చెప్పి కొనసాగించొచ్చు. కాకపోతే ఇది రికార్డులు కొట్టే కాలం కాదు. ముందు అరగంటలో వెళ్లిన దూరం ఇప్పుడు నలభై నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి. బరువులెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు. ఎత్తేటప్పుడు వదలాలి, దించేటప్పుడు తీసుకోవాలి. బిగబట్టక తప్పనంత బరువైతే అది మీకు ఇప్పుడు ఎక్కువన్నమాట.

పడిపోయే, కడుపుకు దెబ్బ తగిలే ఆటలు వద్దు: కబడ్డీ, గుర్రపు స్వారీ, గతుకుల్లో సైకిలు, స్కూబా డైవింగ్. షటిల్ సరదాకి ఆడేవాళ్లు తొలి వారాల్లో ఆడొచ్చు, గెలవాలని దూకేవాళ్లు ఆగండి. మీరెలాంటివారో మీకే తెలుసు. ఈత మంచిది, నీళ్లు శుభ్రంగా ఉన్న కొలను దొరికితే. మన ఊళ్లలో ఆ “దొరికితే” దగ్గరే చాలామందికి ఆగిపోతుంది.

యోగాలో ఏవి చేయొచ్చు?

తాడాసనం, బద్ధకోణాసనం (సీతాకోకచిలుకలా అరికాళ్లు కలిపి కూర్చునేది), మార్జాలాసనం (చేతులు, మోకాళ్ల మీద పిల్లిలా నిలిచి వెన్ను వంచేది), అన్నం తిన్నాక వజ్రాసనం, నెమ్మదైన అనులోమ విలోమం (ఒక ముక్కు రంధ్రంతో పీల్చి ఇంకోదానితో వదిలేది). ఇవి చాలు. మూడు నెలలకు ఇంతకన్నా పెద్ద పట్టిక అక్కర్లేదు.

కపాలభాతి, భస్త్రిక, ఉడ్డియాన బంధం, నౌలి వద్దు. పొట్టను కుదిపేవి, లోపలికి పీల్చేవి ఏవైనా అంతే. కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం వద్దు. బోర్లా పడుకుని చేసేవి, నడుమును గట్టిగా మెలితిప్పేవి, శీర్షాసనం కూడా పక్కన పెట్టండి. వేడి గదిలో చేయించే యోగా అసలే వద్దు.

టీవీలో గురువుగారు చెబుతున్నారని చూసి చేసేవాళ్లు ఎక్కువ. ఆయన ఎదురుగా ఉన్న వెయ్యిమందికి చెబుతున్నారు, అందులో నెల తప్పినవాళ్లెవరో ఆయనకు తెలియదు. క్లాసుకు వెళ్తే మాత్రం ఇంకా ఎవరికీ చెప్పకపోయినా టీచరుకు చెప్పండి. “మూడో నెల దాకా బయటికి చెప్పకూడదు” అని దాచిపెట్టి కపాలభాతి చేసిన అమ్మాయి ఒకామె మా దగ్గరికి వచ్చి ఏడ్చింది. ఆమెకేమీ కాలేదు, బిడ్డ ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. కానీ ఆ వారం రోజుల టెన్షన్ ఎందుకు చెప్పండి?

తిరుపతి మొక్కు ఉంది. అలిపిరి మెట్లెక్కి వెళ్లొచ్చా?

ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో! అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. అలవాటు లేని కాళ్లకు అది ఓ మోస్తరు వ్యాయామం కాదు. ఎక్కడం మొదలుపెట్టాక మధ్యలో ఒంట్లో బాగోకపోతే ఇంటికి వచ్చేంత తేలిక కూడా కాదు. పైకి చేరాక క్యూలో ఎన్ని గంటలో ఎవరూ చెప్పలేరు. అలసటకు తోడు నిద్రలేమి, వేళకు తిండి లేకపోవడం. నా సలహా: మొక్కు వాయిదా వేసుకోండి, బిడ్డతో వెళ్లి తీర్చుకోండి. స్వామి ఎక్కడికీ పోడు. వెళ్లి తీరాలంటే బస్సులో వెళ్లండి. దర్శనం లైనులో నిలబడ్డంతసేపూ కాళ్లు కదుపుతూ ఉండండి.

మరి ఇంటి మెట్లు? స్కూటీ?

మూడో అంతస్తులో ఉంటూ లిఫ్టు లేనివాళ్లు మెట్లు మానేసి ఎలా బతుకుతారు? రెయిలింగ్ పట్టుకుని, అంతస్తుకో నిమిషం ఆగి ఎక్కండి. చీరకుచ్చెళ్లు కాలికి తగలకుండా చూసుకోండి. స్పీడ్ బ్రేకర్ కుదుపుకు గర్భం పోదు. స్కూటీతో ఇబ్బందల్లా పడిపోవడం, కళ్లు తిరగడం. వికారం ఎక్కువగా ఉన్న రోజు నడపొద్దు. హెల్మెట్ సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఎండాకాలంలో ఏం చేయాలి?

ఇది మన ప్రాంతానికి అసలైన ప్రశ్న. పిండంలో మెదడుకూ వెన్నుపాముకూ మూలమైన నాళం చివరి నెలసరి నుంచి లెక్కేస్తే ఆరో వారానికల్లా మూసుకుంటుంది. ఆ రోజుల్లో తల్లి లోపలి వేడి 39 డిగ్రీల సెల్సియస్ దాటి అలాగే ఉండిపోవడం మంచిది కాదు. జ్వరమైనా అంతే, ఆవిరి గది అయినా అంతే, మిట్టమధ్యాహ్నం రామగుండంలోనో రెంటచింతలలోనో నడక అయినా అంతే. మామూలు నడకతో ఒళ్లు అంత వేడెక్కదు. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో నడిస్తే సంగతి వేరు.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరున్నరలోపు ముగించండి. నిద్ర లేవలేకపోతే ఇంట్లోనే ఫ్యాను కింద, హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు. మా కాలనీలో ఒకావిడ మంచాలు జరిపించి, పడకగది నుంచి వంటింటి దాకా దారి చేయించుకుని, ఫోనులో అమ్మతో మాట్లాడుతూ నడిచేది. ఇరవై నిమిషాల కబుర్లు, ఇరవై నిమిషాల నడక. నాకు తెలిసిన మంచి పద్ధతుల్లో అదొకటి. మజ్జిగ పక్కనే ఉంచుకోండి. కోస్తాలో అయితే ఉక్కపోత ఇంకో బెడద, చెమట ఆరదు కాబట్టి ఒళ్లు చల్లబడదు. అక్కడ ఉష్ణోగ్రత అంకె తక్కువగా కనిపించినా మోసపోవద్దు.

పెద్దవాడికి రెండేళ్లు. ఎత్తుకోకపోతే ఏడుస్తాడు.

ఎత్తుకోండి. పన్నెండు కిలోల పిల్లాడిని ఎత్తుకున్నంత మాత్రాన ఆరోగ్యంగా ఉన్న గర్భానికి ఏమీ కాదు. ఎలా ఎత్తుతున్నారన్నది చూసుకోండి. నడుం వంచి లాగొద్దు. మోకాళ్లు వంచి కిందికి దిగి, బిడ్డను ఛాతీకి ఆనించుకుని, కాళ్ల బలంతో లేవండి. సోఫా ఎక్కమని అక్కణ్నుంచి ఎత్తుకుంటే ఇంకా తేలిక. నీళ్ల క్యాన్, గ్యాస్ బండ మాత్రం ఇంట్లో వేరేవాళ్లు చూసుకుంటారు. చూసుకోవాలి.

డాక్టరు బెడ్ రెస్ట్ రాశారు. అంటే కదలకూడదా?

ముందు ఎందుకు రాశారో అడగండి. బ్లీడింగ్ అయిందా, స్కానింగులో గర్భసంచి గోడ దగ్గర రక్తం గడ్డ కనిపించిందా, మునుపు గర్భాలు పోయాయా? “రెస్ట్ తీసుకో” అన్న మాటకు ఒక్కొక్కరు ఒక్కో అర్థం తీస్తారు. డాక్టరు ఉద్దేశం పరుగు, బరువులు, కలయిక వద్దని కావచ్చు. ఇంటికొచ్చేసరికి అది “బాత్రూమ్‌కి తప్ప లేవొద్దు” అవుతుంది. నిజానికి పూర్తిగా మంచం మీదే ఉంచితే గర్భం నిలుస్తుందని రుజువు లేదు. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం మామూలుగా దాన్ని సిఫారసు చేయదు కూడా. రోజుల తరబడి కదలకుండా ఉంటే కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఒకటి, కండలు కరిగిపోవడం ఒకటి.

అలాగని డాక్టరు మాట కాదని లేచి నడవమనడం లేదు. ఈ మూడూ అడగండి: ఇంట్లో తిరగొచ్చా? మెట్లు ఎక్కొచ్చా? ఎన్నాళ్లు? జవాబు చీటీ మీద రాయించుకుంటే ఇంట్లో వాదన తగ్గుతుంది.

ఐవీఎఫ్‌తో వచ్చిన గర్భం. ఎంతో ఖర్చు పెట్టాం, భయం వేస్తోంది.

ఆ భయం నాకు అర్థమవుతుంది. పిండాన్ని లోపల పెట్టాక మంచం మీదే పడుకుంటే అతుక్కునే అవకాశం పెరుగుతుందని పరిశోధనల్లో కనిపించలేదు. ఇంట్లో మామూలుగా తిరగడం, నెమ్మదిగా నడవడం చేయొచ్చు. కానీ ఇంజెక్షన్ల వల్ల అండాశయాలు ఉబ్బి ఉన్నన్నాళ్లు గెంతులు, పరుగులు, నడుం మెలితిప్పే ఆసనాలు వద్దు. ఉబ్బిన అండాశయం మెలిపడితే ఆపరేషన్ దాకా వెళ్తుంది. కవలలైతే మీ డాక్టరు చెప్పే పరిమితులు వేరుగా ఉంటాయి.

రక్తం తక్కువగా ఉందన్నారు. నడవొచ్చా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ సగానికి పైగా గర్భిణులకు రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. కాబట్టి ఇది మీ ఒక్కరి సమస్య కాదు. హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువైతే రక్తహీనత, 7 కన్నా తక్కువైతే తీవ్రమైనది. తీవ్రంగా ఉన్నప్పుడు వ్యాయామం వద్దు, చికిత్సే. తొమ్మిదో పదో ఉంటే డాక్టరును అడిగి, మందు వాడుతూ, ఆయాసం రానంత నెమ్మదిగా నడవొచ్చు. నాలుగో నెల నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన ఎర్ర మాత్రలు ఇస్తారు. అంతకు ముందు మూడు నెలలూ ఫోలిక్ యాసిడ్ మాత్ర మానొద్దు. ఐరన్ మాత్ర టీతో కలిపి వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు.

ఎవరు అసలు చేయకూడదు? ఎప్పుడు ఆపాలి?

గుండె జబ్బు, తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు, ఆగకుండా బ్లీడింగ్, గర్భసంచి ముఖద్వారం బలహీనంగా ఉందని కుట్టు వేయించుకున్నవారు, అదుపులో లేని బీపీ లేదా థైరాయిడ్ ఉన్నవారు: వీళ్లు డాక్టరు అనుమతి లేకుండా మొదలుపెట్టొద్దు.

నడుస్తుండగా ఎర్రగా మరక కనిపించినా, నీళ్లలాంటి ద్రవం కారినా, కడుపులో నొప్పి పట్టుకున్నా, గుండెలో నొప్పి, తల తిరగడం, తగ్గని తలనొప్పి, నడవకముందే ఆయాసం, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అక్కడే కూర్చోండి, ఇంటికి నడిచి రావొద్దు. ఎవరినైనా పిలవండి. బ్లీడింగ్ ఎక్కువగా ఉంటే, స్పృహ తప్పుతున్నట్టుంటే 108కి ఫోన్ చేయండి. అందుకే ఒంటరిగా, ఫోన్ లేకుండా నడకకు వెళ్లొద్దంటాను.

మా అమ్మకు షుగర్ ఉంది. నడిస్తే నాకు రాకుండా ఉంటుందా?

రాదని చెప్పలేను, ముప్పు తగ్గుతుందని చెప్పగలను. మొదటిసారి చెకప్‌కు వెళ్లినప్పుడే 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. 140 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే గర్భిణి మధుమేహం కింద లెక్క. 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చేస్తారు. అన్నం తిన్నాక పది, పదిహేను నిమిషాలు నడిస్తే కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. మూడు పూటలా అన్నమే తినే మనకు ఈ చిన్న నడక బాగా పనికొస్తుంది.

వ్యాయామం చేస్తే నార్మల్ డెలివరీ గ్యారంటీయా?

ఎవరైనా గ్యారంటీ అంటే డబ్బులు కట్టకుండా వచ్చేయండి. కండరాల బలం, దమ్ము పెరుగుతాయి, సిజేరియన్ అవసరం కొంత తగ్గొచ్చు. అంతవరకే. పైన చెప్పిన 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. ముహూర్తాలు, ఆసుపత్రుల తీరు, నొప్పుల భయం, నిజమైన వైద్య కారణాలు అన్నీ కలిసిన అంకె అది. మీ నడక ఒక్కదానితో మారేది కాదు. సిజేరియన్ అయినవాళ్లు “నేను సరిగ్గా వ్యాయామం చేయలేదేమో” అని కుమిలిపోవద్దు.

ఇంకా ఏదైనా ఒక్కటి, కూర్చున్న చోటే చేసేది?

మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలున్నాయి కదా, వాటిని బిగించి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. అలా ఎనిమిదిసార్లు, రోజుకు మూడు పూటలు. పొట్ట, పిరుదులు, తొడలు బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. పూర్తిగా వదలడం కూడా బిగించడమంత ముఖ్యం. మూత్రం పోస్తూ మాత్రం అభ్యాసం చేయొద్దు. ఆర్టీసీ బస్సులో కూర్చుని చేసినా పక్కవాళ్లకు తెలియదు. కాన్పు తర్వాత తుమ్మినా దగ్గినా మూత్రం పడే ఇబ్బంది చాలామందికి వస్తుంది, ఎవరూ పైకి చెప్పుకోరు. దానికి ఇప్పట్నుంచే పడే పునాది ఇది.

మేం అమెరికాలో ఉంటున్నాం. ఇక్కడ మొదటి అపాయింట్‌మెంట్ ఎనిమిదో వారం దాకా లేదు. ఇండియా నుంచి అమ్మ పడుకోమంటోంది.

అక్కడ చాలాచోట్ల పద్ధతి అంతే, మిమ్మల్ని పట్టించుకోకపోవడం కాదు. పైన చెప్పిన ప్రమాద సూచనలు కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. మామూలుగా ఉంటే నడవండి. మంచు పడే చోట బయట జారుతుంది కాబట్టి పెద్ద షాపింగ్ మాల్‌లో నడిచేవాళ్లు చాలామంది. అమ్మకు వీడియో కాల్ చేసి నడుస్తూ మాట్లాడండి. నాలుగు రోజులు చూస్తే ఆవిడ భయం ఆవిడకే తగ్గుతుంది.

ఏం చెప్పులు వేసుకోవాలి?

మడమ పట్టుకునేవి, అడుగు జారనివి. హవాయి చెప్పులతో వాకింగ్‌కు రావొద్దు. బూట్లు కొంటే సాయంత్రం పూట కొనండి, కాళ్లు అప్పటికి కాస్త ఉబ్బి ఉంటాయి. కాలి వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉన్న సైజు తీసుకోండి. నెలలు నిండేకొద్దీ ఆ ఖాళీ కూడా సరిపోకపోవచ్చు, అప్పుడు లేసులు వదులు చేసుకోండి.